టీమ్ ఊరు మారితే పేరు ఎవరిది?

మావాడికి తొమ్మిదేళ్లు. నిన్న రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు: "నాన్నా, లాస్ ఏంజెలిస్‌లో చెరువులెక్కడున్నాయని వాళ్ల బాస్కెట్‌బాల్ టీమ్‌కి లేకర్స్ అని పెట్టుకున్నారు?"

ఆ టీమ్ మొదట మినియాపొలిస్‌దిరా, అక్కడ చెరువులకి కొదవ లేదు, 1960లో పేరుతో సహా మకాం మార్చేసిందన్నాను. జాజ్ టీమ్ కూడా అంతే, 1979లో జాజ్ సంగీతం పుట్టిన న్యూ ఆర్లీన్స్ నుంచి యూటా వెళ్లింది (యూటాలో జాజ్ ఏంటో!). "మరి సియాటిల్ సూపర్‌సోనిక్స్ 2008లో ఓక్లహోమా సిటీకెళ్లి థండర్ ఎందుకయ్యింది?" అనేసరికి నా నోట మాట లేదు.

మన ఐపీఎల్ టీమ్ డెక్కన్ చార్జర్స్ కథ వేరులెండి, ఆ ఫ్రాంచైజీయే రద్దయింది. సన్ టీవీ వాళ్లు హైదరాబాద్‌కి కొత్త ఫ్రాంచైజీ కొనుక్కుని, 2013 సీజన్ నుంచి సన్‌రైజర్స్ అన్నారు.

ఇంతకీ పేరు ఎవరి సొత్తండీ? ఓనర్‌దా, లీగ్‌దా, ఊరిదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వాడు రేపు మళ్లీ అడుగుతాడు.