ప్లానోకి ట్రాన్స్‌ఫర్, పిల్లల స్కూల్ కోసం ఇల్లు ఎక్కడ చూడాలి?

హైదరాబాద్ నుంచి వస్తున్న తమ్ముడు:

అందరికీ నమస్కారం. కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద జూన్‌లో డాలస్ వస్తున్నాం, ఆఫీసు ప్లానోలో లెగసీ వెస్ట్ దగ్గర. పాపకి ఇక్కడ రెండో తరగతి అయిపోయింది, బాబుకి అక్టోబర్‌లో ఐదేళ్లు నిండుతాయి. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. తెలిసినవాళ్లంతా ఫ్రిస్కో ఫ్రిస్కో అంటున్నారని అక్కడే మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు చూస్తున్నాను. యాప్‌లో స్కూల్ రేటింగ్ పదికి తొమ్మిది పైన ఉన్నవే రావాలని ఫిల్టర్ పెడితే ఆ అద్దెలకి కళ్లు తిరుగుతున్నాయి. వచ్చేలోపే ఒకటి ఖాయం చేసేసుకుంటే టెన్షన్ ఉండదని నా ఆలోచన. ఎలా వెతకాలో కాస్త చెప్తారా?

ప్లానో అన్న:

తమ్ముడూ, ముందు ఊరి పేరు పెట్టి వెతకడం ఆపండి. మీ పాప ఏ బడికి వెళ్లాలో తేల్చేది ఇక్కడ ఊరు కాదు, ఐఎస్‌డీ, అంటే స్కూల్ డిస్ట్రిక్ట్. దానికీ మునిసిపాలిటీకీ సంబంధం లేదు. బోర్డు వేరు, పన్ను వేరు, హద్దులు వేరు. ఫ్రిస్కో అడ్రసు ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నట్టు కాదు, ఉత్తరాన ప్రాస్పర్ ఐఎస్‌డీ, పడమర వైపు లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీలు ఊళ్లోకి చొచ్చుకుని వచ్చి ఉంటాయి. రాక్ హిల్ హైస్కూల్ ఉన్నది ఫ్రిస్కోలో, నడిపేది ప్రాస్పర్ వాళ్లు. ఎమర్సన్ హైస్కూల్ ఉన్నది మెక్‌కిన్నీలో, నడిపేది ఫ్రిస్కో వాళ్లు. మీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ప్లానో ఊళ్లోనే ఫ్రిస్కో ఐఎస్‌డీ కిందికి వచ్చే వీధులు చాలా ఉన్నాయి, మెక్‌డెర్మాట్ రోడ్డు మీద ఉన్న ఫౌలర్ మిడిల్ స్కూల్ ప్లానోలోనే ఉంది కానీ ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌దే. మీరు యాప్‌లో ఊరు ఫ్రిస్కో అని కొట్టినంతకాలం ఇవేవీ మీ కంటపడవు. ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్‌దీ ఇదే కథ, ఊరు ఇర్వింగ్ అయినా చాలా అపార్ట్‌మెంట్లు కాపెల్ ఐఎస్‌డీలో ఉంటాయి, కొంచెం పక్కకి జరిగితే ఇంకో డిస్ట్రిక్ట్. అది మీ ఆఫీసుకి దూరం కాబట్టి దాని గురించి ఇంతటితో ఆపేస్తాను.

రెండోది, లిస్టింగ్‌లో రాసిన స్కూల్ పేరుని నమ్మొద్దు. అది యాప్ తనంతట తాను నింపిందో, ఏజెంటు పాత లిస్టింగ్‌లోంచి కాపీ కొట్టిందో తెలీదు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో స్కూల్ లొకేటర్ ఉంటుంది, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు కొడితే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ చెప్తుంది. వచ్చే ఏడాదికి హద్దులు మారుతుంటే అది కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఎదురింటికి ఒక స్కూల్, మీ ఇంటికి ఇంకో స్కూల్ పడటం ఇక్కడ మామూలే, అందుకని కాలనీ పేరు చూసి సరిపెట్టుకోకండి.

చాలామందికి తెలియని ఇంకో దారి ఉంది. కౌంటీకి ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది, మన దగ్గర ఆస్తిపన్ను రికార్డు లాంటిదనుకోండి. ప్లానో దాదాపు అంతా కాలిన్ కౌంటీ, ఫ్రిస్కో పడమటి భాగం డెంటన్ కౌంటీ. ఆ కౌంటీ వెబ్‌సైట్‌లోకెళ్లి అడ్రసు కొడితే ఆ ఇల్లు ఎవరెవరికి పన్ను కడుతుందో జాబితా వస్తుంది, సిటీ, కౌంటీ, కాలేజీ, వాటితో పాటు ఐఎస్‌డీ. పన్ను ఏ ఐఎస్‌డీకి పోతోందో మీ పిల్లలు ఆ ఐఎస్‌డీ పిల్లలే, ఏజెంటు ఏం చెప్పినా సరే. అదే పేజీలో ఓనర్ పేరు కూడా ఉంటుంది, అది ఇంకా పెద్ద ఉపకారం. ఎందుకంటే ఇండియా నుంచి ఇల్లు వెతికేవాళ్లే మోసగాళ్లకి మొదటి గిరాకీ. నిజంగా అమ్మకానికో అద్దెకో ఉన్న ఇంటి ఫొటోలు ఎత్తుకొచ్చి, అద్దె బాగా తగ్గించి ఫేస్‌బుక్‌లోనో క్రెయిగ్స్‌లిస్ట్‌లోనో పెడతారు. అడిగితే మేం ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాం, డిపాజిట్టూ మొదటి నెల అద్దే జెల్‌లో (ఇక్కడి యూపీఐ లాంటిది) పంపితే తాళాలు కొరియర్ చేస్తాం అంటారు. రికార్డులో ఓనర్ పేరు ఒకటి, మెయిల్ రాసేవాడి పేరు ఇంకొకటి ఉంటే అక్కడితో ఆపేయండి. జెల్‌లో పోయిన డబ్బు వెనక్కి రావడం దాదాపు కల్ల.

ఇక ఆ తొమ్మిది, పది రేటింగుల గొడవ. ఆ అంకె ఎక్కువగా పరీక్ష మార్కుల మీద నడుస్తుంది, అంటే ఆ చుట్టుపక్కల ఎలాంటి తల్లిదండ్రులున్నారో చెప్తుంది తప్ప టీచర్ ఎలా చెప్తారో చెప్పదు. నా మటుకు నాకు ఈ ప్రాంతంలో ఏడుకీ తొమ్మిదికీ ఉన్న తేడా కోసం నెలనెలా వందల డాలర్లు ఎక్కువ కట్టడం దండగ. చూడాలనుకుంటే రాష్ట్ర విద్యాశాఖ టీఈఏ ప్రతి స్కూల్‌కీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది, అదీ చూడండి. దానికంటే ముఖ్యం ఆ స్కూల్ మీ పాప అయిదో గ్రేడ్ అయ్యేదాకా ఉంటుందా అన్నది. నవ్వకండి, నిజంగానే మూతపడుతున్నాయి. ప్లానో ఐఎస్‌డీ బోర్డు 2024 జూన్‌లో నాలుగు స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది, డేవిస్, ఫోర్‌మన్ ఎలిమెంటరీలు, ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ మిడిల్ స్కూళ్లు. కాపెల్‌లో పింకర్టన్ ఎలిమెంటరీ కూడా అదే దారి పట్టింది. పాత కాలనీల్లో ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్నవాళ్లు కొనలేకపోతున్నారు, పిల్లల సంఖ్య పడిపోయింది. ప్రాస్పర్ వైపు దీనికి తిరగేసి, కొత్త స్కూళ్లు లేస్తుంటే హద్దులు మళ్లీ మళ్లీ గీస్తుంటారు. కాబట్టి ఒక్క ఎలిమెంటరీ పేరు పట్టుకుని వేలాడకుండా, అది ఏ మిడిల్‌కి, ఏ హైస్కూల్‌కి పంపుతుందో ఆ వరస మొత్తం చూసుకోండి.

అద్దె ఇల్లా, అపార్ట్‌మెంటా అంటే, హద్దు లోపల ఉన్నంతకాలం స్కూల్‌కి రెండూ ఒకటే. మొదటి ఏడాది అపార్ట్‌మెంట్ అయితే నయం అంటాను. ఇల్లయితే చాలా లీజుల్లో గడ్డి కోయించడం, ఏసీ ఫిల్టర్లు మార్చడం మీ నెత్తినే, గడ్డి పెరిగితే సిటీ నోటీసు అంటిస్తుంది. అప్లికేషన్ ఫీజు పద్దెనిమిది దాటిన ప్రతి మనిషికీ విడిగా కట్టాలి, ఇల్లు దక్కకపోయినా మామూలుగా తిరిగిరాదు, అందుకని నచ్చిన ప్రతిదానికీ పెట్టేయకండి. జీతం అద్దెకి మూడింతలు ఉండాలన్నది చాలాచోట్ల రూలు. మీకు క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి ఆఫర్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు, ఎక్కువ డిపాజిట్ కూడా అడగొచ్చు. టెక్సాస్‌లో డిపాజిట్‌కి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి లేదు, బేరమాడుకోవాల్సిందే.

సంతకం పెట్టేముందు లీజు మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో చెప్పే పేరా మాత్రం తప్పకుండా చదవండి. అపార్ట్‌మెంట్ల లీజుల్లో రీలెట్టింగ్ ఫీజు అని తరచుగా ఒక నెల అద్దెలో 85 శాతం రాస్తారు. అది కట్టేస్తే వదిలేసినట్టే అనుకుంటాం, కానీ కొత్తవాళ్లు వచ్చేదాకా అద్దె బాధ్యత మీదే. మన వీసాల మీద ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. లీజేమో ఏడాది. కాబట్టి ముందే నోటీసిచ్చి, ఇంత కట్టి బయటపడొచ్చు అన్న క్లాజు రాతపూర్వకంగా పెట్టించుకోండి. కౌంటర్లో ఉన్నావిడ ‘డోంట్ వర్రీ’ అంటే అది లీజులోకి రాదు.

ఫ్రిస్కో అక్క:

అన్నయ్య గారు చెప్పినవన్నీ సరే, కానీ మా చెల్లెలికి డ్రైవింగ్ రాదన్న ముక్క దగ్గర ఎవరూ ఆగలేదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. స్కూల్ బస్సు మామూలుగా రెండు మైళ్లు దాటిన ఇళ్లకే వస్తుంది, దారి ప్రమాదం అనుకుంటే తప్ప దగ్గరివాళ్లకి రాదు. అంటే స్కూల్‌కి మైలున్నర దూరంలో ఇల్లు తీసుకుంటే బస్సూ ఉండదు, నడకా కుదరదు. మిగిలేది కార్ లైన్. స్కూల్ వదిలే ముందు నుంచే కార్లు వీధి చుట్టూ మెలికలు తిరిగి నిలబడతాయి, అద్దం దగ్గర పిల్లల పేరున్న కార్డు పెట్టుకుని ఒక్కొక్కరు ముందుకి జరగాలి. ఆగస్టులో బయట వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, ఆ ఎండలో చంటాడిని వెంటేసుకుని మైలున్నర నడవమంటారా? అందుకని అర మైలు లోపల, ప్రెస్టన్ లాంటి ఆరు వరసల రోడ్డు దాటక్కర్లేకుండా ఉన్నవే చూడండి. స్ట్రీట్ వ్యూలో ఇంటి గేటు నుంచి స్కూల్ గేటు దాకా ఒక్కో క్లిక్కూ వేసుకుంటూ వెళ్లండి, ఫుట్‌పాత్ మధ్యలో తెగిపోయిందా, క్రాసింగ్ ఉందా అన్నీ కనపడతాయి.

బాబు సంగతి. సెప్టెంబర్ 1 నాటికి ఐదు నిండాలి కిండర్‌గార్టెన్‌కి, అక్టోబర్ పుట్టినరోజు కాబట్టి ఈ ఏడాదికి కుదరదు. ప్రైవేట్ డేకేర్‌కి బోలెడంత పోయడానికి ముందు డిస్ట్రిక్ట్ ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్ కంటే ముందు తరగతి గురించి అడగండి. నాలుగేళ్లు నిండి, ఇంగ్లీషు రాని పిల్లలకి టెక్సాస్‌లో ప్రీ-కే ఉచితం, ఆదాయంతో పని లేదు. మీవాడు ఇంట్లో తెలుగే మాట్లాడితే చిన్న టెస్టు పెట్టి తేలుస్తారు. అన్ని స్కూళ్లలో ప్రీ-కే ఉండదు, మీకు పడేది ఎక్కడో ముందే కనుక్కోండి.

పాపకి చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు కొందరు ఈఎస్‌ఎల్‌లో, అంటే ఇంగ్లీషు సరిగా రాని పిల్లల క్లాసులో వేస్తారేమోనని భయపడి ఇంగ్లీష్ అని రాసేస్తారు. ఆ పని చేయకండి. తెలుగు అని రాస్తే ఇంగ్లీషు ఎంతవరకూ వచ్చో చూస్తారు, అవసరమైతే అదనపు సాయం ఇస్తారు, బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రెండో తరగతి అయిపోయింది కదా అని మూడులోనే వేస్తారనుకోవద్దు, ఇక్కడ ఎక్కువగా వయసు చూస్తారు. మళ్లీ సెకండ్ గ్రేడ్ అంటే కొట్లాటకి దిగకండి.

టీకాల కార్డు హైదరాబాద్‌లో ఉండగానే సరిచేసుకోండి. ఇక్కడ హెపటైటిస్ ఏ, చికెన్‌పాక్స్ రెండేసి డోసులు అడుగుతారు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఆ రెండూ లేవు, ప్రైవేట్ పిల్లల డాక్టర్ దగ్గర వేయించి ఉంటేనే ఉంటాయి. తేదీలతో, సంతకంతో, చదవగలిగే ఇంగ్లీషులో రాయించుకోండి. ఒక్కో డోసు పడి తర్వాతిది వేళకి వేయించేలా ఉంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు, అసలు మొదలే పెట్టకపోతే ఆపేస్తారు.

హైదరాబాద్ నుంచి వస్తున్న తమ్ముడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ప్రీ-కే విషయం ఎవరూ చెప్పలేదు. ఇంకొక్క డౌట్. మా కజిన్ ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలోనే ఉంది. ఇల్లు దొరికేదాకా ఆయన అడ్రసు మీద పాపని చేర్పించేసి, మేం ఎక్కడైనా తక్కువలో ఉండొచ్చా?

ప్లానో అన్న:

నిజంగా వాళ్లింట్లోనే ఉంటే దర్జాగా చేర్పించండి. దానికి డిస్ట్రిక్ట్ ఫారం ఉంటుంది, మీరు తన ఇంట్లో ఉంటున్నారని కజిన్ నోటరీ ముందు సంతకం పెడతారు. అడ్రసు వాళ్లది, కాపురం మీది ఇంకోచోట అంటే మాత్రం వద్దు. చేర్పించే ఫారంలో తప్పుడు వివరాలివ్వడం టెక్సాస్‌లో నేరం, పైగా పాప చదివినన్ని రోజులకి ఫీజు కూడా వసూలు చేయొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి ఎందుకు?

ఆ అవసరం కూడా లేదు. మీరు జూన్‌లో దిగుతున్నారు, స్కూళ్లు తెరిచేది ఆగస్టు మధ్యలో. కజిన్ ఇంట్లోనో ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్‌లోనో కొన్నాళ్లుండి, పొద్దున్నొకసారి, సాయంత్రం ఆఫీసు వదిలే వేళ ఒకసారి వెళ్లి చూసి లీజు రాసుకోండి. అక్కడి నుంచే ఖాయం చేసుకోవాలన్న ఆలోచన మాత్రం మానేయండి. వేసవిలో అద్దెలు కాస్త ఎక్కువే, కానీ ఖాళీలు కూడా అప్పుడే ఎక్కువ.

తాళాలు చేతికొచ్చిన రోజే కరెంటు మీ పేరు మీద పెట్టించండి. చాలాచోట్ల కంపెనీని మనమే ఎంచుకోవాలి, పవర్ టు చూజ్ అని రాష్ట్రం నడిపే సైట్‌లో రేట్లు పోల్చుకోవచ్చు. కొన్ని వీధుల్లో కోసర్వ్ అనే కరెంటు సహకార సంస్థ తప్ప ఇంకోటి ఉండదు, అది లీజింగ్ ఆఫీసులో అడగండి. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇంకా రాకపోతే డిపాజిట్ అడుగుతారు, ఇచ్చేయండి. స్కూల్ వాళ్లు లీజుతో పాటు అడిగేది సాధారణంగా ఆ కరెంటు బిల్లే. మొదటి బిల్లు రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి, కనెక్షన్ ఇచ్చినట్టు కంపెనీ పంపే లెటర్ ప్రింట్ తీసి పెట్టుకోండి.