ఫ్రాన్స్‌లోని లిముజాన్ పల్లెలో రాతి ఇల్లు: కట్టెలు, సెప్టిక్ ట్యాంకు, నెట్ సంగతులు చెప్పండి

కొత్తగోడ: సెప్టెంబరులో దిగుతున్నాం. వేడికి కట్టెల పొయ్యి ఒక్కటే ఆధారం. కట్టెలు ఎప్పుడు, ఎలా కొనాలి? సెప్టిక్ ట్యాంకుకి ఏం జాగ్రత్తలు? నెట్ ఎలా ఉంటుంది?

దుంగరాజు: సెప్టెంబరా! కట్టెలు ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. ఓక్ అయితే చీల్చాక దాదాపు రెండేళ్లు ఎండాలి, తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ మీటరు దుంగ పైన గుచ్చితే ఎండిన పైపొర సంగతే చెబుతుంది. గొడ్డలితో చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మీద గుచ్చండి. పచ్చి కట్టె వేస్తే చాలా వేడి దాని తడి ఆరడానికే పోతుంది. పొగ చల్లబడి గొట్టం లోపల తారులా పేరుకుంటుంది. చిమ్నీ అంటుకునేది ఆ తారు వల్లే.

లెక్కలపిచ్చి: తేమ తర్వాత, ముందు కొలత చెప్పండి. 5 స్తేర్లకి డబ్బు తీసుకుని 4 ఘనపు మీటర్లు దింపుతున్నారు. పట్టపగలు దోపిడీ.

దుంగరాజు: దోపిడీ కాదండీ, అది లెక్కే. స్తేరు అంటే మీటరు పొడవు దుంగలు పేరిస్తే వచ్చే 1 ఘనపు మీటరు. అవే 50 సెం.మీ. ముక్కలు కోసి పేరిస్తే సందులు తగ్గి 0.8కి, 33 సెం.మీ. అయితే 0.7కి దిగుతుంది. కట్టె అంతే ఉంటుంది.

లెక్కలపిచ్చి: ట్రాక్టరు తొట్టి ఎత్తి వాకిట్లో కుమ్మరించి పోతే ఎవడు కొలుస్తాడు సార్?

దుంగరాజు: కుమ్మరించిన గుట్టని కొలవకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? పేర్చి కొలవండి. ముక్క పొడవు బిల్లులో రాయించుకోండి. కట్టె విషయంలో నాతో వాదించకండి.

పోపులపెట్టె: ఇద్దరూ కాస్త ఆగితే ట్యాంకు గురించి చెబుతాను. మన వంటకి అసలు గండం అదే. పూరీలు వేయించిన నూనె సింకులో పొయ్యొద్దు, చలికి గొట్టంలోనే గడ్డకడుతుంది. చల్లారాక సీసాలో పోసి డెషెట్రీలో (ఊరి చెత్త సేకరణ కేంద్రంలో) ఇవ్వండి. జావెల్ నీళ్లు (బ్లీచు) అదేపనిగా పోస్తే లోపలి బ్యాక్టీరియా చస్తుంది. బురద ట్యాంకులో సగానికి చేరకముందే తోడించాలి. తోడిన వెంటనే మంచినీళ్లు నింపించండి. ఖాళీగా వదిలితే నేలలో నీరు ఎక్కువున్న చోట ప్లాస్టిక్ ట్యాంకు పైకి తేలుతుంది. తోడినవాళ్లిచ్చే కాగితం దాచండి, తనిఖీకొచ్చే స్పాంక్ వాళ్లు (ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు చూసే ప్రభుత్వ విభాగం) అడుగుతారు.

చలిపులి: కాగితాలంటే గుర్తొచ్చింది, చిమ్నీ ఏడాదికి కనీసం ఒకసారి తుడిపించి సర్టిఫికెట్ తీసుకోండి. మంటలొస్తే బీమావాళ్లు ముందు అదే అడుగుతారు.

ఆదివారంనిద్ర: పక్కింటి కోడి నాలుగింటికే కూస్తే మేరీలో (ఊరి పాలన ఆఫీసులో) ఫిర్యాదు ఇవ్వొచ్చా?

పోపులపెట్టె: ఇచ్చి చూడండి, ఊరంతా నవ్వుతుంది. ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూత కోర్టుకెక్కితే 2019లో పుంజే గెలిచింది. 2021 జనవరిలో పల్లె చప్పుళ్లనీ వాసనలనీ కాపాడేందుకు చట్టమే చేశారు. మన ఇంగువ పోపు అందులోకి వస్తుందో రాదో మరి!

ఆదివారంనిద్ర: మరి మనం ఆదివారం గడ్డి కోస్తే మాత్రం తప్పా?

చలిపులి: చాలా ఊళ్లలో ఆదివారం 10 నుంచి 12 వరకే మిషను తిప్పనిస్తారు. మీ ఊరి వేళలు మేరీ బోర్డు మీద ఉంటాయి.

కొత్తగోడ: అందరికీ థ్యాంక్స్ అండి. నెట్ సంగతి ఎవరైనా...

లెక్కలపిచ్చి: దుంగరాజు గారూ, 25 సెం.మీ. ముక్కలకి ఎంత?

దుంగరాజు: 0.6. పేర్చి కొలవండి.