అప్‌డేట్: మిషిగన్‌లో మ్యాచ్ అయ్యాను (అంటే రెసిడెన్సీ సీటు వచ్చింది)

సెప్టెంబర్‌లో ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను, గుర్తుందా? నేను గుంటూరులో చదివాను, అక్కావాళ్ళు ఒహాయోలో ఉంటారు. రెసిడెన్సీ (అమెరికాలో డాక్టర్లకిచ్చే స్పెషాలిటీ ట్రైనింగ్) అప్లికేషన్‌లో ఆ బంధం చెప్పుకుంటే ఉపయోగమా, లేక మిగతా రాష్ట్రాలు దూరమైపోతాయా అని.

మీలో చాలామంది చెప్పమన్నారు, చెప్పాను. ఈరాస్‌లో (ఆ అప్లికేషన్ పెట్టే ఆన్‌లైన్ సిస్టమ్) దేశాన్ని 9 డివిజన్లుగా చూపిస్తారు, వాటిలో మనకి ఇష్టమైనవి 3 వరకు ఎంచుకోవచ్చు. ఒహాయో, మిషిగన్, ఇండియానా, ఇల్లినాయ్, విస్కాన్సిన్ కలిసి ఒకటే డివిజన్. మనం ఎంచుకోని డివిజన్ వాళ్ళకి ఆ సమాచారం కనిపించదు, కాబట్టి నా భయం అనవసరం. కారణం రాయడానికి 300 అక్షరాలే ఇస్తారు. "మా అక్క ఉంది" అని వదిలేయకుండా, తన డెలివరీకి వెళ్ళి జనవరి చలిలో రెండు నెలలున్నానని రాశాను.

ఆరు ఇంటర్వ్యూలు వస్తే నాలుగు ఆ డివిజన్‌వే. సిగ్నల్స్ (ఫలానా ప్రోగ్రామ్ మీద ప్రత్యేక ఆసక్తి ఉందని అప్లికేషన్‌లో తెలిపే గుర్తులు) కూడా ఎక్కువ అక్కడికే పంపాను, కాబట్టి మొత్తం ఘనత అక్కదే అనలేను. కానీ ఒక ప్రోగ్రామ్ డైరెక్టర్ మాత్రం "మంచు అలవాటేనా?" అని నవ్వుతూ అడిగారు. బావగారి బూట్లు వేసుకుని పొద్దున్నే వాకిట్లో మంచు ఎత్తిపోసిన సంగతి చెప్పాను. తర్వాత పది నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం.

మార్చిలో శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి రిజల్ట్ మెయిల్ తెరిస్తే అదే ప్రోగ్రామ్! అమ్మ ఏడ్చేసింది. అక్కావాళ్ళింటికి కారులో మూడు గంటలు. ఇక వీసా పేపర్ల పని మొదలుపెట్టాలి. జవాబిచ్చిన అందరికీ మనసారా థాంక్స్.