‘బెస్ట్ రీసెర్చర్’ అని మెయిల్ వచ్చింది, ఫీజు కట్టమంటున్నారు. అసలైన అవార్డులకు ఎలా వెళ్లాలి?

ప్రశ్న: అమలాపురం నుంచి, డిగ్రీ కాలేజీ లెక్చరర్

నమస్కారమండీ. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేశాను, పట్టా వచ్చి రెండేళ్లు దాటింది. లంక గ్రామాల నుంచి డిగ్రీకి వచ్చే ఆడపిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది నా టాపిక్. దాని మీద రెండు పేపర్లు కూడా వచ్చాయి. మొన్న ఒక సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మా జ్యూరీ మిమ్మల్ని ‘బెస్ట్ రీసెర్చర్’ అవార్డుకి ఎంపిక చేసింది, వారంలోగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని. మెమెంటో కొరియర్‌లో పంపితే ఒక రేటు, హోటల్లో స్టేజీ మీద శాలువా కప్పి ఇస్తే ఇంకో రేటు. మా ప్రిన్సిపాల్ గారు నాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) ఫైల్లో పనికొస్తుంది, తీసుకోమ్మా అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నా పనికి సరిపోయే అసలైన అవార్డులు ఉన్నాయా?

జవాబు: కాకినాడ నుంచి, రిటైర్డ్ ప్రొఫెసర్

కట్టకండమ్మా. మీరు దరఖాస్తు పెట్టలేదు, మీ థీసిస్ ఎవరూ అడగలేదు. మరి ఆ జ్యూరీ ఏం చదివి ఎంపిక చేసింది?

మెయిల్ అడుగున సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు, ఐఎస్ఓ సర్టిఫికెట్, ఉద్యం నంబరు ఉంటాయి చూడండి. ఉద్యం అనేది చిన్న వ్యాపారాలకు ఇచ్చే నమోదు. సొసైటీని ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేసుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ పరిశోధనను తూచే అర్హత ఆ సంస్థకుందని చెప్పదు. నేనైతే పాత విజేతల జాబితా అడుగుతాను. నిజమైన సంఘం ఒక్కో విభాగంలో ఏటా ఒకరికో ఇద్దరికో ఇస్తుంది, ఏ పనికి ఇచ్చిందో రాస్తుంది, ఎంపిక కమిటీ ఎవరో చెబుతుంది. ఒకే సాయంత్రం వందమందికి పంచేదాన్ని అవార్డు అనలేం.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మంచి సంఘాల్లో కూడా సభ్యత్వ రుసుము ఉంటుంది. అది గెలిచినా గెలవకపోయినా సభ్యులందరూ కట్టేది. గెలిచాక గెలిచినందుకు కట్టమంటేనే అనుమానించాలి.

భీమవరం నుంచి, ఇంజినీరింగ్ కాలేజీ ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) బాధ్యుడు

ప్రిన్సిపాల్ గారికి ఇది చూపించండి మేడమ్. నాక్ మాన్యువల్స్‌లో అవార్డుల దగ్గర ‘ప్రభుత్వం లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలు’ అన్న షరతు కనిపిస్తుంది. పరిశీలనలో ఆ కాగితం నిలవకపోతే పక్కనున్న మంచి ఆధారాల మీద కూడా నమ్మకం పోతుంది.

జవాబు: కాకినాడ నుంచి

ఇక మీ అసలు ప్రశ్న. మీది ఉన్నత విద్య మీద పరిశోధన. ఆ రంగానికి ప్రత్యేకంగా సంఘాలున్నాయి. అమెరికాలో 1976లో మొదలైన అసోసియేషన్ ఫర్ ది స్టడీ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ ఉంది, ఆష్ అంటారు. దానిలో రీసెర్చ్ అచీవ్‌మెంట్ అవార్డు, థీసిస్‌కి వేరే అవార్డు, కొత్త పరిశోధకులకు ఇంకొకటి ఉన్నాయి. 1916 నాటి అమెరికన్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అసోసియేషన్‌లో డివిజన్ జె పూర్తిగా కాలేజీ, యూనివర్సిటీ చదువుల గురించే. బ్రిటన్‌లో సొసైటీ ఫర్ రీసెర్చ్ ఇంటు హయ్యర్ ఎడ్యుకేషన్ ఉంది. మన దేశంలో 1979 నుంచి కంపారెటివ్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆఫ్ ఇండియా నడుస్తోంది. ముందు దాని సదస్సులో పేపర్ చదవండి. మీ పని తెలిసినవాళ్లు నలుగురు తయారైతేనే నామినేషన్‌కి బలం వస్తుంది.

థీసిస్ అవార్డులకు సాధారణంగా దగ్గరి ఏడాదిలో పూర్తయినవే తీసుకుంటారు, కాబట్టి మీకు ఆ దారి మూసుకుపోయినట్టే. తొలి దశ పరిశోధకుల అవార్డులు చూడండి. పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ల వరకు చాలాచోట్ల అవకాశం ఇస్తారు. తేదీలు, అర్హత, సభ్యత్వం తప్పనిసరా కాదా అన్నవి ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోండి.

ప్రశ్న: అమలాపురం నుంచి

చాలా థాంక్సండీ, టెన్షన్ తగ్గింది. నామినేషన్ లెటర్ గైడ్ గారిని అడగనా? అందులో ఏం ఉండాలి?

జవాబు: కాకినాడ నుంచి

గైడ్ గారు ఒకరు. రెండో లెటర్ మీ పనిని వాడుకున్న బయటివాళ్ల దగ్గర తీసుకోండి. అడిగేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లొద్దు. థీసిస్ సారాంశం రెండు పేజీలు, రెండు పేపర్లు, ఆ అవార్డు నియమాలు కలిపి ఇవ్వండి. గడువుకి నెల ముందే ఇవ్వండి.

మనవైపు లెటర్లన్నీ ఒకేలా ఉంటాయి: ‘ఈమె క్రమశిక్షణ గల, కష్టపడే అధ్యాపకురాలు, విద్యార్థులకు ఆదర్శం.’ కమిటీకి దీనితో ఏమీ తెలియదు. ఇలా ఉండాలి: ‘ఆగస్టులో గోదావరి పొంగి కాజ్‌వే మునిగితే ఈ పిల్లలకు పడవే దిక్కు. అప్పుడు తగ్గిన హాజరు 75 శాతం నిబంధన దగ్గర అడ్డొస్తుంది, పరీక్ష ఫీజు కట్టే సమయానికి ఇంట్లో చదువు మాన్పించే మాట మొదలవుతుంది. చదువు మానడానికి పెళ్లిళ్లే కారణమని అందరూ అనుకునే చోట, కాలేజీ క్యాలెండర్ కూడా కారణమని ఈ థీసిస్ చూపింది.’ మీ థీసిస్‌లో తేలింది ఇదే అయితే ఇలాగే, వేరే ఏదైనా అయితే దాన్నే ఇంత స్పష్టంగా రాయించండి.

పేపర్ల సంఖ్య గురించి బెంగ పడకండి. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029, గొప్పదని ఎందుకంటాం? రైతు దాన్ని పొలంలో వేశాడు కాబట్టి. తర్వాత దానికే ముంపు తట్టుకునే గుణం చేర్చి స్వర్ణ సబ్1 తెచ్చారు. మీ పని కూడా ఎవరి చేతికి చేరిందో చెప్పండి. మీ థీసిస్ చూసి ఏ కాలేజీ అయినా వరద రోజుల్లో హాజరు మినహాయింపు ఇచ్చిందా? ఇస్తే ఆ సర్క్యులర్ కాపీ జత చేయండి. నా దృష్టిలో అది పది సైటేషన్ల (వేరే పరిశోధకులు మీ పేపర్‌ని ఉదహరించడం) పెట్టు. ఇంకా ఏ కాలేజీ చేయకపోతే, ముందు మీ కాలేజీలోనే అడిగి చూడండి.

తాడేపల్లిగూడెం నుంచి, రీసెర్చ్ స్కాలర్

అక్కా, ఇంటర్వ్యూల్లో అమ్మాయిలు అన్న మాటలు తెలుగులోనే ఉంచి కింద ఇంగ్లిష్ అర్థం ఇవ్వండి. కమిటీలో తెలుగు వచ్చినవాళ్లు లేకపోయినా, మీరు స్వయంగా విని రాశారని తెలుస్తుంది.

జవాబు: కాకినాడ నుంచి

మంచి మాట. ఒక్క జాగ్రత్త. నామినేషన్‌లో పెట్టే ముందు ఊరి పేర్లు తీసేయండి. చిన్న లంకలో డిగ్రీ చదివే అమ్మాయి ఒక్కతే ఉంటే, పేరు మార్చినా ఊరు చూసి ఎవరో పోల్చుకుంటారు. వరస, కులం, తండ్రి పని వివరాలు కూడా మళ్లీ ఒకసారి చూడండి. సారాంశం తయారయ్యాక ఇక్కడ పెట్టండమ్మా, చదివి చెబుతాను.