ఏ4 మడిచి ఏ5 పుస్తకం కుట్టడానికి పేజీల వరుస ఎట్లా?

కడప_కాగితం:
180 పేజీల పీడీఎఫ్ ఉంది. ఏ4 మధ్యకు మడిచి కుట్టు బైండింగు చేయాల. అడోబ్ రీడర్‌లో బుక్‌లెట్ (మడిస్తే పుస్తకం వరుస వచ్చేట్టు కొట్టే పద్ధతి) పెడితే 45 కాగితాలూ ఒకే కట్టగా వచ్చినాయి. మడిస్తే మధ్య పేజీలు బయటికి పొడుచుకొస్తున్నాయి, వెనకవైపంతా తలకిందులు. ఎక్కడ సరిచేయాలన్నా?

అనంత_ఫారం:
తలకిందులుగా వచ్చిందంటే డ్యూప్లెక్స్‌లో (రెండువైపులా కొట్టే సెట్టింగు) లాంగ్ ఎడ్జ్, అంటే పొడుగు అంచు మీద తిప్పేది ఉన్నట్టు. షార్ట్ ఎడ్జ్‌కు, అంటే పొట్టి అంచుకు మార్చు.

45 కాగితాలు ఒకే మడతలో వద్దే వద్దు. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. కాబట్టి అన్నిటికన్నా లోపలిది నాలుగు మి.మీ. పైనే ముందుకు తోసుకొస్తుంది. అంచు కోస్తే ఆ పేజీల మార్జిన్ పోతుంది. నాలుగు కాగితాలకు ఒక ఫారం, అంటే 16 పేజీలు చేసుకో. ప్రింట్‌లో పేజీల దగ్గర 1-16 అని కొట్టి ఒకసారి, 17-32 అని ఇంకోసారి, అట్లా 160 దాకా పది ఫారాలు. చివరి 161-180 అయిదు కాగితాల ఫారం. ఒక్క పేజీ కూడా ఖాళీ పోదు.

మొదటి ఫారం ఇట్లా రావాల: పై కాగితం ముందు 16, 1, వెనక 2, 15. తర్వాతిది 14, 3, 4, 13. ఆ తర్వాత 12, 5, 6, 11. లోపలిది 10, 7, 8, 9. కాగితానికి ఒకే వైపున పక్కపక్కనున్న రెండు పేజీలు ఏవి కూడినా 17 రావాల. రెండో ఫారంలో 49. కూడిక తప్పిందంటే వరుస తప్పినట్టే, కుట్టకముందే చూసుకో.

బురుజు_పక్కన (కర్నూలు):
పీడీఎఫ్ ఏ4కు చేసిందైతే ఏ5లోకి 71 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర అవుతుంది, ఒత్తులు అలుక్కుపోతాయి. మూలం ఫైలు ఉంటే పేజీనే ఏ5కు మార్చి, కుట్టువైపు 20 మి.మీ. వదిలి, మళ్లీ పీడీఎఫ్ చెయ్. పేజీల లెక్క మారుతుంది, ఫారాలు మళ్లీ వేసుకోవాల.

ఇంకోటి, మామూలు ఏ4లో నార (కాగితంలోని పోగుల వరుస) ఎక్కువగా పొడుగువైపు ఉంటుంది. మధ్యకు మడిస్తే మడత నారకు అడ్డం పడి పగులుతుంది, జిగురు తగిలితే పుస్తకం వీపు (కుట్టువైపు అంచు) అలలుగా లేస్తుంది. పొడుగు నార ఉన్న ఏ3ని సగానికి కోయించుకుంటే నార వీపు వెంబడి వస్తుంది. అనుమానముంటే రెండువైపులా వంచి చూడు, ఏ మడత సులభంగా వంగితే ఆ మడత వెంబడే నార ఉన్నట్టు.

కడప_కాగితం:
ప్రింటర్ ఒకవైపే కొడుతుందన్నా, వెనకవైపుకు కాగితాలు చేత్తో తిప్పి పెట్టినా. కుట్టు, జిగురు సంగతి కూడా చెప్పండి.

అనంత_ఫారం:
బుక్‌లెట్‌లోనే ముందువైపు మాత్రమే, వెనకవైపు మాత్రమే అని ఉంటాయి. ముందు ఒక్క ఫారం, మూలన పెన్సిల్ గుర్తు పెట్టి, ట్రేలో ఎట్లా తిప్పి పెట్టాలో తేల్చుకున్నాకే మిగతావి.

బురుజు_పక్కన:
మడత మీద పైనుంచి 15, 60, 105, 150, 195 మి.మీ. దగ్గర ఆరతో (రంధ్రాలు పొడిచే మొనదేలిన పనిముట్టు) అయిదు రంధ్రాలు. అట్టముక్క మీద గుర్తులు పెట్టుకుని అన్ని ఫారాలకూ అదే వాడు. దారం సన్నగా ఉండాల. లావైతే పదకొండు ఫారాల దారమూ చేరి వీపు ఉబ్బుతుంది. తేనెమైనం రుద్దితే చిక్కు పడదు.

మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. అది విషం, పిల్లలకు అందనీయొద్దు. జిగురు పలచగా రాయి, ఎండలో పెట్టొద్దు. ఒకవైపు ముందు ఆరితే అట్ట వంగిపోతుంది. బరువు కింద రాత్రంతా ఉంచు.