ప్లే స్టోర్‌కు 15 శాతం కమిషన్ న్యాయమేనా? యాప్‌ల మన పేమెంట్ సంగతి మనమే చెప్పొద్దంటె ఎట్ల?

హన్మకొండ_డెవ్:
అన్నలూ అక్కలూ, ఈ ముచ్చట మీద మీరేమంటరో చెప్పున్రి. నేను నయీంనగర్ దిక్కు చిన్న చిన్న కోచింగ్ సెంటర్లకు టెస్ట్ సిరీస్ యాప్‌లు చేసిస్త. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్, అన్నీ తెలుగు మీడియం పిల్లలకే. ములుగు, భూపాలపల్లి, పరకాల దిక్కుకెల్లి వచ్చి రూం కిరాయికి తీస్కోని సదువుకునెటోళ్లు. ఒక సిరీస్ 299 పెడ్తం. అండ్ల స్టోర్‌కు 15 శాతం అంటె దగ్గర దగ్గర 45 రూపాయలు పోతయి. మిగిలిన దాంట్ల ప్రశ్నలు రాసిన సార్లకు ఇయ్యాలె, సర్వర్‌కు కట్టాలె, సెంటర్‌కు పోవాలె.

స్టోర్ నడుపుతున్నరు కాబట్టి ఎంతో కొంత కట్టుమంటె కడ్త, నేనేం ఫ్రీగ అడుగుతలేను. నా కోపమంతా ఇంకో రూల్ మీద. యాప్ లోపల "మా వెబ్‌సైట్‌ల కొంటె 259కే వస్తది" అని ఒక్క లైన్ రాయొద్దు, లింక్ పెట్టొద్దు. నా సరుకు, నా కస్టమర్, నేను తక్కువ ధర చెప్పొద్దంట.

ఇంకోటి సూడున్రి. అదే స్టోర్‌ల స్విగ్గీ ఉన్నది, ఓలా ఉన్నది, బస్ టికెట్ల యాప్‌లు ఉన్నయి. వాళ్లు ఏ గేట్‌వే (ఆన్‌లైన్‌ల పైసలు తీస్కునే సర్వీసు) అన్న పెట్టుకోవచ్చు, స్టోర్‌కు కమిషన్ సున్న. ఎందుకంటె వాళ్లు అమ్మేది ఫోన్ బయట అందే వస్తువు, సర్వీసు. నేను గవే ప్రశ్న పేపర్లు ప్రింట్ కొట్టి పోస్టుల పంపిస్త అని యాప్‌ల అమ్మితె కమిషన్ లేదు, ఫోన్‌ల చూపిస్త అంటె 15 శాతం. రెండిట్ల స్టోర్ చేసిన పని ఒక్కటే గదా, డౌన్‌లోడ్ ఇచ్చుడు, అప్‌డేట్ ఇచ్చుడు. మరి ఫీజు ఎందుకు మారింది?

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, నేను మడికొండ ఐటీ పార్కుల పనిచేస్త, కొన్నేండ్లు యాప్‌ల టీంలనే ఉన్న. నీ బాధ సమజైతది కాని లెక్క పూర్తిగ చెప్తలేవు. 30 శాతం అని అందరు గోల చేస్తరు గని 2021 జులై నుంచి ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల దాక గూగుల్ తీసుకునేది 15 శాతమే, 2022 జనవరి నుంచి సబ్‌స్క్రిప్షన్లకు మొదటి రోజు నుంచే 15. ఆపిల్ కూడ 2021 జనవరి నుంచి చిన్నోళ్లకు 15 చేసింది. 2024ల గూగుల్ చెప్పినదాని ప్రకారం మన దేశంల 2 లక్షలకు పైగ డెవలపర్లు ప్లే వాడిన్రు, అండ్ల 15 కన్న ఎక్కువ కట్టినోళ్లు 60 మంది లోపే. ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టినవ్, అయిపోయింది. నీ యాప్ ఫైలు వాళ్ల సర్వర్ల మీద ఉంటది, ఊర్లెకు అప్‌డేట్ పోతది, వైరస్ చెక్ చేస్తరు, యూపీఐ, కార్డు, రీఛార్జ్ బ్యాలెన్స్ అన్నీ పెట్టిన్రు, పిల్లగాడు తప్పు కొంటె 48 గంటల్ల రీఫండ్ అడగొచ్చు. ఇవన్నీ నువ్వు సొంతంగ పెట్టుకుంటె ఎంత అయితదో లెక్క తీయి.

ఇంకా, మన దేశంల స్టోర్ బిల్లింగ్‌తోటి పాటు నీ సొంత బిల్లింగ్ (పైసలు కట్టించుకునే ఏర్పాటు) కూడ పెట్టుకునే చాన్స్ ఇచ్చిన్రు గదా, అప్పుడు 4 శాతం తగ్గిస్తరు.

నర్సంపేట_మిర్చి:
నాకు యాప్‌లు తెల్వయి గని ఒక మాట. మేం మిర్చి ఎనుమాముల యార్డుకు కొండవోతం. అడ్తి కమిషన్ ఇయ్యకుంట బస్తా కదలదు. యార్డు ఉన్నందుకే కొనెటోడు వస్తడు, ఊర్ల కూసుంటె వచ్చి అడిగెటోడు తక్కువ ధరకు అడుగుతడు. నువ్వు గూడ గట్లనే అనుకో తమ్మీ.

హన్మకొండ_డెవ్:
అన్నా మంచి మాట తెచ్చినవ్. యార్డుల ధర నచ్చకపోతె నువ్వు బస్తాలు మల్ల ట్రాక్టర్ ఎక్కించుకోని ఇంకో దిక్కు పోవచ్చు, కోల్డ్ స్టోరేజ్‌ల పెట్టొచ్చు, కొనెటోనికి నీ ఫోన్ నంబర్ ఇచ్చి "రేపు మా ఊరికి రా, ఇంకింత సరుకుంది" అనొచ్చు. నిన్నెవ్వడు ఆపడు. నేను అడిగేది గంతే, నంబర్ ఇయ్యనీయున్రి.

కాజీపేట అన్నా, 4 శాతం తగ్గింపు సంగతి. సొంత బిల్లింగ్ పెట్టుకుంటె 15 కాస్త 11 అయితది. గేట్‌వే ఓడు దాదాపు 2 శాతం తీస్కుంటడు, మొత్తం 13. అంటె పేమెంట్ పనంతా నేనే చేసి, ఫెయిలైన పేమెంట్లకు ఫోన్లు నేనే ఎత్తి, చివరికి 299ల నాకు అదనంగ మిగిలేది 6 రూపాయలు. పేమెంట్ పని ధర 4 శాతమే అయితె మిగిలిన 11 దేనికి? స్టోర్‌ల ఉన్నందుకా? అట్లయితె స్టోర్‌ల ఉన్న స్విగ్గీకి ఎందుకు లేదు? దీనికి జవాబు ఇప్పటి దాక ఎవ్వలు చెప్పలే.

యూపీఐల 2020 జనవరి నుంచి ఎండీఆర్ (అమ్మేటోని దగ్గర తీస్కునే పేమెంట్ ఫీజు) సున్న. మా సెంటర్ కింద చాయ్ బండి ఓడు గూడ 10 రూపాయలు స్కాన్ చేపిస్కుంటడు, ఎవ్వనికి కమిషన్ ఇయ్యడు. గసొంటి దేశంల సొంత బిల్లింగ్ పెట్టుకున్నా 11 శాతం కట్టాలె అని రూల్ పెట్టుడు ఏం న్యాయం.

కేయూ_లా:
కాకతీయ యూనివర్సిటీల లా చదువుతున్న, కేసుల వరుస చెప్తే చర్చకు పనికొస్తదేమో. 2022 అక్టోబర్‌ల కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్ల పోటీ సక్కగ ఉందా అని చూసే కేంద్ర సంస్థ) గూగుల్ మీద వారం తిరగకుండ రెండు ఆర్డర్లు ఇచ్చింది. ఒకటి ఆండ్రాయిడ్ గురించి, 1,337.76 కోట్ల జరిమానా. రెండోది మనం మాట్లాడుకునే ఈ ప్లే బిల్లింగ్ గురించే, 936.44 కోట్లు. బయటి బిల్లింగ్ వాడనీయాలని, డెవలపర్ తన కస్టమర్‌కు వేరే ఆఫర్ చెప్పకుండ అడ్డుకోవద్దని అండ్ల స్పష్టంగనే రాసిన్రు. యూట్యూబ్‌కు మాత్రం ఆ రూల్ పెట్టకుండ వేరే న్యాయం చూపించిందని కూడ రాసిన్రు. 2025 మార్చిల అప్పీలేట్ ట్రిబ్యునల్ ఆ 936 కోట్లను 216.69 కోట్లకు తగ్గించింది. అదే ఏడు ఆగస్టుల సుప్రీంకోర్టు అప్పీళ్లను విచారణకు తీసుకుంది.

బయటి దేశాల్ల కూడ అసలు కొట్లాట డెవ్ అన్న చెప్పిన పాయింట్ దగ్గరనే. 2021 సెప్టెంబర్‌ల గేముల కంపెనీ ఎపిక్ ఆపిల్ మీద వేసిన కేసుల అమెరికా జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ చాలా వరకు ఆపిల్‌కే గెలుపిచ్చింది, పది ఆరోపణల్ల తొమ్మిది కొట్టేసింది. ఒక్కటి మాత్రం నిలబెట్టింది, బయట కొనుక్కోవచ్చని యూజర్‌కు చెప్పనీయాలె అని. అప్పీళ్లన్నీ అయ్యి 2024 జనవరిల ఆపిల్ లింక్ పెట్టనిచ్చింది గని ఆ లింక్ మీద కొన్నదాంట్ల కూడ 27 శాతం అడిగింది. జడ్జికి కోపమొచ్చి 2025 ఏప్రిల్ 30న కోర్టు ధిక్కారం అని, లింక్ కొనుగోళ్ల మీద కమిషన్ తీసుకోవద్దని ఆర్డర్ ఇచ్చింది, దాని మీద మల్ల అప్పీలు నడిచింది. కొరియా 2021ల ప్రపంచంలనే మొదటిసారి చట్టం చేసి ఒకే బిల్లింగ్ అని బలవంతం చెయ్యొద్దన్నది, అక్కడ కూడ గూగుల్ 4 శాతమే తగ్గించింది. చట్టం పేమెంట్ మీద వస్తె ఫీజు పేరు మార్చుకోని మల్ల అక్కడ్నే కూసుంటదని ఆ రెండు సంగతుల్లనే తెలుస్తది.

టీచరమ్మ_హుజూరాబాద్:
మీ అందరి మాటలు చదివాను. నాది తల్లిదండ్రుల వైపు మాట. మా మరిదికి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ అని ఒక ఏపీకే ఫైలు (స్టోర్ లేకుండ నేరుగ ఇన్‌స్టాల్ అయ్యే యాప్ ఫైలు) వచ్చింది, నొక్కాడు, ఇన్‌స్టాల్ అయింది, ఓటీపీలన్నీ వాళ్లకు పోయినయి, అకౌంట్‌ల ఉన్న పైసలు పోయినయి. ఆ రోజు నుంచి మా ఇంట్ల "ప్లే స్టోర్ బయట ఏది ముట్టొద్దు" అని అందరికి చెప్పిన. ఇప్పుడు మీరు లింకులు తెరవండి, బయట కట్టండి అంటె ఏ లింకు మంచిది, ఏది మోసం అని మా స్కూలు పిల్లల అమ్మనాన్నలు ఎట్ల పోల్చుకోవాలె? వాళ్లకు ఇంగ్లిష్ రాదు, వెబ్‌సైట్ పేరుల ఒక అక్షరం మారినా తెల్వదు. స్టోర్‌ల కడితె కనీసం రసీదు ఒక్క దగ్గర ఉంటది, ఎక్కడ క్యాన్సిల్ చెయ్యాలో తెలుస్తది. ఆ భద్రతకు 45 రూపాయలు నేనైతె ఇస్త బాబూ.

కాజీపేట_జంక్షన్:
మేడం సరిగ్గ చెప్పిన్రు, నేను అనేది గిదే.

హన్మకొండ_డెవ్:
మేడం, మీ ఇంట్ల జరిగింది చదివి మనసు కలుక్కుమన్నది. మీ భయం ఉత్తది గాదు, నేను గూడ మా పిల్లలకు వాట్సాప్‌ల ఏపీకే పంపియ్య, ఎంత మంది అడిగినా స్టోర్ లింకే ఇస్త. కాని రెండు సంగతులు వేరు చేసి చూడున్రి. యాప్ ఎక్కడి నుంచి దించుకోవాలె అనేది ఒకటి, యాప్ లోపల పైసలు ఎట్ల కట్టాలె అనేది ఇంకోటి. నేను మొదటిది మార్చుమంటలేను. యాప్ స్టోర్ నుంచే రావాలె, చెక్ చెయ్యాలె, దాంట్ల నాకు కొట్లాట లేదు. రెండోది చూస్తె, మీరు బస్సు టికెట్ యాప్‌ల ఫోన్‌పే తోటి కడ్తరు గదా, అది స్టోర్ బిల్లింగ్ కాదు, దానికెవ్వరు భయపడ్తలేరు. అదే ఫోన్‌పే నా యాప్‌ల కనబడితె ఎట్ల మోసం అయితది?

ఇగ స్టోర్‌ల ఉంటె చాలు భద్రం అనుడు గూడ పూర్తి నిజం గాదు. 2020 చివర్ల లోన్ యాప్‌ల వేధింపులు మన తెలంగాణల ఎంత మందిని గోస పెట్టినయో అందరికి యాదుంది. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు దాక గూగుల్ 2,200కు పైగ లోన్ యాప్‌లు స్టోర్ నుంచి తీసేసిందని కేంద్రమే పార్లమెంటుల చెప్పింది. తీసేసిన్రు, మంచిదే. కాని అన్ని యాప్‌లు ముందుగాల లోపలికి ఎట్ల వచ్చినయి? చెక్ చేసే పని మీద ఇంకింత ఖర్చు పెట్టున్రి, దానికి అందరి దగ్గర ఫీజు తీస్కోన్రి. నా పేమెంట్ బటన్ మూసేస్తె లోన్ యాప్ ఆగదు.

కాజీపేట_జంక్షన్:
సరే, భద్రత పక్కన పెడ్దాం. నిన్ను వెబ్‌సైట్‌ల అమ్మొద్దని ఎవ్వరన్న అన్నరా? వెబ్‌ల అమ్ముకో, వాళ్లు యాప్‌ల లాగిన్ అయి రాసుకుంటరు, కమిషన్ సున్న. వాట్సాప్ గ్రూపుల, క్లాసుల బోర్డు మీద ధర రాయి. నెట్‌ఫ్లిక్స్ గిట్లనే చేస్తది, ఐఫోన్ యాప్‌ల కొత్త సబ్‌స్క్రిప్షన్ అమ్ముడు 2018లనే బంద్ చేసింది.

హన్మకొండ_డెవ్:
నెట్‌ఫ్లిక్స్ పేరు తెల్వనోడు లేడన్నా, యాప్‌ల ఏం రాయకున్నా జనం వాళ్ల సైటుకు పోతరు. మా సెంటర్ పేరు హన్మకొండ బస్టాండ్ దాటితె తెల్వదు. ఏటూరునాగారంల ఉన్న పిల్ల యాప్ దించుకుంటది, తెరుస్తది, కొనాలనుకుంటది, అక్కడ ధర ఎక్కువ కనబడ్తది, తక్కువకు దొరికే చోటుందని ఆమెకు చెప్పనీకి అదొక్కటే జాగ, గా జాగలనే చెప్పొద్దంటున్రు. క్లాసుల బోర్డు మీద రాసేది క్లాసుకు వచ్చిన పిల్లలకు, యాప్ కొనేది క్లాసుకు రాలేనోళ్లు.

2024 మార్చి 1న ఏమైందో యాదికి తెచ్చుకో. ఫీజు గొడవల నౌక్రీ, భారత్ మ్యాట్రిమోనీ, కుకు ఎఫ్ఎం అసొంటి పెద్ద పెద్ద యాప్‌లనే తీసేసిన్రు. మంత్రి అశ్వినీ వైష్ణవ్ మాట్లాడిండు, కొన్ని రోజుల్ల అన్నీ మల్ల వచ్చినయి. డీఎస్సీ పరీక్ష వారం ముందు నా యాప్ తీసేస్తె నా తరఫున ఎవ్వలు మాట్లాడ్తరు? గా భయంతోటే నాసొంటోళ్లు రూల్ గురించి గట్టిగ అడగరు, అడగనందుకే అందరు ఒప్పుకున్నట్టు లెక్క.

కేయూ_లా:
అన్నా ఇంకో స్టోర్‌ల పెట్టి చూసినవా? ఫోన్‌పే వాళ్ల ఇండస్ యాప్‌స్టోర్ 2024 ఫిబ్రవరిల వచ్చింది, తెలుగుల కూడ ఉంది, బయటి గేట్‌వే పెట్టుకుంటె కమిషన్ లేదు.

హన్మకొండ_డెవ్:
పెట్టిన తమ్మీ. కాని పిల్లల ఫోన్‌ల ముందుగాల నుంచే ఉండేది ప్లే స్టోర్. కొత్త స్టోర్ దించుకొమ్మంటె మేడం చెప్పిన భయమే అడ్డమొస్తది, "తెలియని సోర్స్" అని వార్నింగ్ చూడంగనే ఫోన్ పక్కన పెడ్తరు.

టీచరమ్మ_హుజూరాబాద్:
బాబూ, ఒక్కటి అడుగుత. నీ బటన్ నొక్కి కట్టినంక పేపర్ తెరుచుకోకపోతె మా పిల్లగాడు ఎవరికి చెప్పాలె? స్టోర్ అయితె రీఫండ్ బటన్ ఉంది.

హన్మకొండ_డెవ్:
నాకే చెప్పాలె మేడం. కట్టే పేజీ మీదనే నా నంబరు, సెంటర్ అడ్రస్, ఎన్ని రోజుల్ల పైసలు వాపస్ వస్తయో తెలుగుల రాసి ఉండాలె. అట్ల రాయనోన్ని స్టోర్ తీసేయొచ్చు, గా రూల్ పెడ్తె నేను మొదలే సంతకం చేస్త.

కాజీపేట_జంక్షన్:
మరి స్టోర్ నడిపే ఖర్చు ఎవని మీద వెయ్యాలె? ఫ్రీ యాప్‌లే ఎక్కువ. వాళ్ల ఖర్చు కూడ అమ్మేటోళ్ల కమిషన్‌లకెల్లే వస్తది.

హన్మకొండ_డెవ్:
గదే అంటున్న. పెద్ద డెలివరీ యాప్ కోట్ల డౌన్‌లోడ్లు వాడుకోని ఒక్క పైసా ఇయ్యదు, దాని ఖర్చు నా 299 మీద పడ్తది. డౌన్‌లోడ్ల లెక్కన, అప్‌డేట్ల లెక్కన అందరికి ఒక రేటు వెయ్యమను, వేరుగ బిల్లు ఇయ్యమను, నేను ఆ బిల్లు చూసి కడ్త. పేమెంట్‌కు నాకు నచ్చినోళ్లను నేను పెట్టుకుంట. వచ్చే బ్యాచ్‌కు సొంత బిల్లింగ్ పెడ్తున్న, మిగిలిన 6 రూపాయలు పిల్లలకే తగ్గిస్త, 293.

నర్సంపేట_మిర్చి:
మా బిడ్డ కానిస్టేబుల్‌కు చదువుతున్నది తమ్మీ. 259ది ఎక్కడ దొరుకుతదో ఇక్కడ చెప్పొచ్చు గదా, ఇదేం యాప్ గాదాయె.