యూదు ఓటర్ల సర్వేలు: 79 నిజమా, 66 నిజమా?

రాఘవ_ఎడిసన్: 2024లో అమెరికా యూదుల్లో 79 శాతం డెమోక్రాట్ల అభ్యర్థి హారిస్‌కే వేశారని టీవీల ఎగ్జిట్ పోల్ చెప్పింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్ల సర్వే, ఏపీ వోట్‌కాస్ట్, 66 దగ్గరే ఆగింది. ఒకే ఎన్నిక, 13 పాయింట్ల తేడా! ఈ లెక్కల్ని ఎలా నమ్మాలి?

లెక్కల_మాస్టారు: రాఘవ గారూ, అక్కడి వయోజనుల్లో యూదులు 2.4 శాతమే. వెయ్యిమందిని అడిగితే దొరికేది 24 మంది. అంతమందితో అంకె 20 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. జనాభా లెక్కల్లో మతం అడగరు, కాబట్టి జాబితా కూడా ఉండదు. అందుకే ప్యూ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2019-20లో దేశమంతా ఇళ్లకు ఉత్తరాలు పంపి, ముందు యూదులెవరో తేల్చుకుని, 4,718 మంది జవాబులు తీసుకున్నారు. 71 శాతం డెమోక్రాట్ల వైపు. సర్వే అంటే అదీ.

రాఘవ_ఎడిసన్: అది పార్టీ మొగ్గు, ఓటు కాదు. నేనడిగింది 79, 66 సంగతి.

సీత_డల్లాస్: ఇద్దరూ అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అదే ప్యూ సర్వేలో ఆర్థడాక్సుల్లో, అంటే ఆచారాలు కచ్చితంగా పాటించే యూదుల్లో, 75 శాతం రిపబ్లికన్ల వైపు.

చిన్నా: వాళ్లు పదిలో ఒకరు కూడా లేరు కదా అక్కా.

లెక్కల_మాస్టారు: ఇంకోటి. యూదుల్లో 27 శాతం మాకు మతం లేదు, అయినా యూదులమే అంటారు. "మీ మతమేంటి?" అని ఒక్క ప్రశ్నే వేస్తే వీళ్లు లెక్కలోంచి జారిపోతారు.

రాఘవ_ఎడిసన్: మళ్లీ పాఠం! ఎన్నికలప్పుడు ఒక కుర్రాడు అట్ట పట్టుకుని మా తలుపు కొట్టాడు. నా పేరడగలేదు. "మీ ఇండియన్లు ఎటు?" అన్నాడు. స్కూలు పన్ను గురించి చెప్పబోతే, గడిలో టిక్కు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

లెక్కల_మాస్టారు: మీ తలుపు గొడవకీ శాంపిల్‌కీ ఏం సంబంధమండీ?

రాఘవ_ఎడిసన్: ఉంది! అంకె ఒప్పయినా నాకు బాధే. మనుషుల్ని ఓట్ల మూట చేస్తున్నారు. డెమోక్రాట్లకు వేసే యూదులది అజ్ఞానమో, నమ్మకద్రోహమో అని 2019 ఆగస్టులో ట్రంప్ అన్నాడు. ఆ మూట కట్టబట్టే కదా ఆ మాట!

లెక్కల_మాస్టారు: లెక్క లేకపోతే మైకు ఉన్నవాడి మాటే అందరి మాట అవుతుంది. 2019లో హ్యూస్టన్‌లో మోదీ, ట్రంప్ కలిసి పాల్గొన్న సభ చూసి ఇండియన్లంతా ట్రంప్ వైపేనన్నారు. మరుసటేడు కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వేలో 936 మందిని అడిగితే, ఓటరుగా నమోదైన వాళ్లలో 72 శాతం బైడెన్ అన్నారు. అడగకపోతే మీ నోట్లో ఇంకొకడి మాట ఉండేది.

సీత_డల్లాస్: రాఘవ గారూ, మిమ్మల్నే అడిగితే చెప్పేవారా?

రాఘవ_ఎడిసన్: చెప్పేవాణ్ణమ్మా. పేరడిగి, ఆ పన్ను మాట కూడా వింటే.